గంటగోపురం గోడ మీద గాజుపలక

ఏటిగట్టు చర్చి గంటాయన కొత్త ఇల్లు సంపాదించడం కోసం గోడ మీది గాజుపలకను తన చేత్తోనే పగలగొట్టాడని, పాత చర్చీలు చూపించే గైడ్లు చెబుతూ ఉంటారు. వినేవాళ్లు నవ్వుతారు కనుక మళ్లీ మళ్లీ చెబుతారు. చర్చి మూతపడ్డాక ఆయనకు ఇల్లు మాట అటుంచి, పాత గదిలోని మంచం మోసుకుపోవడానికి ఒక బండి కూడా ఎవరూ ఇవ్వలేదు. ఆ ఒక్క సంగతి కనుక్కుని ఉంటే ఈ కట్టుకథ పుట్టినచోటే చచ్చేది.

దీనికి సరిగ్గా ఎదురుమాట ఇంకొకటి ఉంది. గోపురం కింది తన గది పోతుందన్న భయంతో ఆయన గోడలోని పగులును దాచాడనీ, ఇంజనీరు కళ్లలో దుమ్ము కొట్టాడనీ. ఇది పత్రికలో అచ్చయింది. అచ్చయిన మాటకు ఊళ్లో ఒక గౌరవం ఉంటుంది. గాయకబృందంలోని పెద్దలు మరోటి చెబుతారు: భార్య పోయాక ఆయనకు మతి చలించిందని, గోడతో కబుర్లు చెప్పేవాడని. ఇక ఆయన్ను అభిమానించేవాళ్లు, పాపం, అందరికంటే ఎక్కువ దూరం పోయారు. గోపురం కూలబోయే క్షణంలో గంట మోగించి లోపలున్న జనాన్నంతా బయటికి తరిమి కాపాడాడట. ఆ గోపురం ఏనాడూ కూలలేదు. ఇప్పటికీ నిలబడే ఉంది. కావలసినవాళ్లు వెళ్లి చూడవచ్చు.

ఒక మనిషి గురించి తీర్పు చెప్పేముందు ఆ మనిషి ఎక్కడ బతికాడో, ఏ పని చేశాడో తెలుసుకోవడం కనీస ధర్మం. ఆయన్ను ఆ రోజుల్లో దగ్గరగా చూసినవాళ్లు ముగ్గురు: గోడను పరీక్షించిన ఇంజనీరమ్మ, అప్పటి ఫాదర్‌గారు, చాలాకాలం నోరు విప్పని ఆయన వదిన. ఆ ముగ్గురి మాటలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నిలబడేది ఈ కింది కథ.

ఆయన తాళ్లు పేనేవాళ్ల ఇంట్లో పుట్టాడు. చర్చికి కొత్త గంటతాడు ఇచ్చిరమ్మని తండ్రి పంపితే, తాడు భుజాన వేసుకుని వచ్చాడు. అప్పట్లో గంట కొట్టే ముసలాయనకు మోకాళ్లు అరిగిపోయాయి.

"తెచ్చినవాడివి కట్టి కూడా పోరాదూ? ఈ మెట్లంటే నా కాళ్లు అలిగి కూర్చున్నాయి" అన్నాడు ముసలాయన.

కుర్రాడు ఎక్కాడు. ఎంతసేపటికీ దిగలేదు. కింద నుంచి ఒక ఆడగొంతు గోపురం బోలులో గింగిరాలు తిరుగుతూ పైకి వచ్చింది: "ఏం నాన్నా, పైన తాడు కడుతున్నాడా, కూర్చుని కొత్తది పేనుతున్నాడా?"

ఆ గొంతు ముసలాయన చిన్నకూతురిది. ఆ ప్రశ్నకు జవాబు తోచక ఆమెను పెళ్లి చేసుకున్నాడని వదిన, అంటే ముసలాయన పెద్దకూతురు, ఈనాటికీ అంటుంది. మామగారు పోయాక గంట పనీ, గోపురం అడుగున ఉన్న ఒంటి గదీ అల్లుడికి వచ్చాయి. అసలు పేరు పోయి గంటాయన అన్న పేరు మిగిలింది.

ఆనాడు ఆయన పైన ఆలస్యం చేసింది తాడు వల్ల కాదు. అక్కడి నుంచి ఊరిలోని పాత చర్చీలన్నీ ఒక్కచూపులో కనిపించాయి.

ఆ చర్చీలను ఊరు భక్తితో ఎంత కట్టిందో పంతంతోనూ అంతే కట్టింది. అన్నిటికంటే పాతది దిబ్బ మీది చర్చి. దొంగల భయం ఉన్న రోజుల్లో కట్టినది కనుక కోటలా ఉంటుంది. పొట్టి గోడలు, కిటికీల పేరుతో సన్నని చీలికలు. దాని కమానులు గుండ్రనివి. గుండ్రని కమాను తన బరువును కిందికి దింపడంతో ఆగదు, పక్కలకు నెడుతుంది. ఆ నెట్టుడుకు తట్టుకోవాలంటే గోడ ఏనుగంత లావుండాలి. తరువాత రేవు దగ్గర నావికులు తమది కట్టుకున్నారు. వాళ్ల వడ్రంగులకు పడవ తప్ప మరోటి కట్టడం రాదు. అందుకని పెద్ద పడవను చేసి బోర్లించి గోడల మీద పెట్టారు. అదే ఆ చర్చి కప్పు. బట్టల వర్తకులు మొనదేరిన కమానులు ఎత్తించారు. మొనదేరిన కమాను బరువును నిటారుగా దించుతుంది కనుక వాళ్ల గోడలు పలచబడ్డాయి, కిటికీలు పెరిగాయి, మిగిలిన కాస్త నెట్టుడును బయట మోచేతుల్లా ఆనించిన రాతి ఊతలు మోశాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడన్నట్టు, ధాన్యం వర్తకులు వెంటనే సంతలో గుమ్మటం లేపారు.

ఏటిగట్టున తోళ్లు ఊని పదును చేసేవాళ్లను ఈ చర్చీల్లో దేనిలోనూ ముందు వరసలో కూర్చోనివ్వలేదు. కారణం వాసన అన్నారు. వాళ్లు తమకంటూ ఒక చిన్న ప్రార్థనశాల కట్టుకున్నారు. తరతరాలు గడిచి చేతిలో నాలుగు రాళ్లు ఆడాక, వాళ్ల మునిమనవలు దాని పక్కన గంటగోపురం లేపారు, బట్టల వర్తకుల గోపురం కన్నా ఒక అంతస్తు ఎక్కువ. కింద చదరం, మధ్యన ఎనిమిది పలకలు, పైన గంట వేలాడే అర. కింద ఉన్నది ఏటి ఒండ్రు. అందులోకి కొయ్యదుంగలు దింపి, వాటి నెత్తిన ఇంత బరువు పెట్టారు. పాత శాల గోడా కొత్త గోపురం గోడా కలిసేచోట రాళ్లను ఒకదానిలో ఒకటి దూర్చలేదు; పక్కపక్కన నిలబెట్టి మధ్యన సున్నం నింపారు. ఒకే ఇంట్లో మాటల్లేని అన్నదమ్ముల్లా ఆ రెండు గోడలూ చాలాకాలం పేచీ లేకుండానే ఉన్నాయి.

ఆ ఊరి గంటలవాళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఆదివారం ఆరాధన గంట ముగిశాక, కాస్త ఆగి, ఒక దెబ్బ అదనంగా కొట్టేవారు. అది జనం కోసం కాదు. ఒక గంటవాడు మిగతావాళ్లను "ఉన్నారా?" అని అడగడం. మిగతా గోపురాల నుంచి ఒక్కో దెబ్బ జవాబుగా వచ్చేది. కాలం మారింది. నావికుల చర్చి సంగీత మందిరమైంది. దిబ్బ మీది చర్చికి తాళం పడింది. బట్టల వర్తకుల గోపురంలో గంటకు కరెంటు మోటారు పెట్టారు; మోటారుకు పలకరింపులు తెలియవు. చివరికి సంతలోని గుమ్మటం చర్చిలో గంట కొట్టే ముసలాయన ఒక్కడే మిగిలాడు. ఏటిగట్టు నుంచి ఒక దెబ్బ, సంత నుంచి ఒక దెబ్బ. ఇద్దరూ ఎదురుపడితే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

భార్య ఉన్నప్పుడు ఆయనకు ఇంకో చప్పుడు కూడా ఉండేది. అన్నం వేళకు ఆమె గరిటెతో గది గోడను కొట్టేది. బోలు గోపురం కనుక ఆ చప్పుడు గంట అర దాకా పాకేది. "వస్తున్నా" అని ఆయన పైనుంచి గోడకే చెప్పేవాడు. ఆమె జబ్బు చేసి పోయాక గరిటె చప్పుడు ఆగింది కానీ ఆయన నోటి అలవాటు ఆగలేదు. పొద్దు నడినెత్తికి వస్తే "వస్తున్నా" అనేవాడు. గాయకబృందం వాళ్లు విన్నది అదే. మతి చలించిందనడానికి వాళ్ల దగ్గరున్న సాక్ష్యం మొత్తం ఆ ఒక్క మాట.

ఆ తరువాత ఒక పొద్దున ఆయన దుప్పటి మీద సున్నం పొడి కనిపించింది. దులిపాడు. మరునాడు మళ్లీ ఉంది. వెళ్లి ఫాదర్‌గారితో చెప్పాడు. పగులు సంగతి మొదట బయటపెట్టింది ఆయనే. ఇందులో ఫాదర్‌గారికీ ఇంజనీరమ్మకూ భేదం లేదు.

ఇంజనీరమ్మ పాత కట్టడాలు చూసే కార్యాలయం నుంచి వచ్చింది. ఆ పగులు శాలకూ గోపురానికీ మధ్య కిందినుంచి పైదాకా ఉంది. పైభాగమంతా ఆర్గన్ వాద్యం పెట్టె వెనకకు పోయింది. చేతికందే చోటు గంటాయన మంచం తలాపి దగ్గరే.

"పెద్దాయనా, ఇది ఎప్పటి నుంచి ఉంది?"

"నేనొచ్చేసరికే ఉందమ్మా. మా మామగారు దీన్ని పెద్దకోడలనేవారు. ఇంట్లో ఉన్నట్టే ఉండదు, కదిలిందా, ఇల్లంతా కదులుతుంది."

ఇంజనీరమ్మ నవ్వింది. "కదిలిందో లేదో అదే చూడాలి. చచ్చిన పగులైతే పూడ్చేస్తాం. బతికున్న పగులైతే పూడ్చినా లాభం లేదు, పక్కన ఇంకోటి పుడుతుంది."

వేలెడు వెడల్పున్న పలచని గాజుపలకను ఆమె పగులుకు అడ్డంగా పెట్టి, రెండు కొసలనూ తడి ప్లాస్టరుతో గోడకు అతికించింది. ప్లాస్టరు ఆరకముందే ఆనాటి తేదీని దాని మీద గీసింది.

"గాజు సాగదు, వంగదు. గోడ వెంట్రుకంత జరిగినా విరుగుతుంది. విరిగితే మీరు ముట్టుకోవద్దు. నాకు కబురు చేయండి, చాలు."

"విరిగితే ఏమవుతుందమ్మా?"

ఆమె ఫాదర్‌గారి వైపు చూసింది. జవాబు ఫాదర్‌గారు చెప్పారు. "చర్చి మూసేయాలి. గోపురంలో ఎవరూ ఉండకూడదు."

"ఎవరూ అంటే?"

"ఎవరూ అంటే మీరేగా. ఇంకెవరున్నారు?"

ఫాదర్‌గారు ఆ మాట కటువుగా అనలేదు. ఉన్న సంగతి అన్నారు. మిగిలిన గాజుపలకలనూ ప్లాస్టరు పొట్లాన్నీ ఇంజనీరమ్మ అలమర మీద పెట్టి వెళ్లింది.

ఆనాటి నుంచి గంటాయన నిద్ర లేస్తూనే గాజు వైపు చూసేవాడు. పగలకపోతే ఉన్నచోటు ఉంటుంది, పగిలితే పోతుంది. ఆయనకు పోవడానికి మరో చోటు లేదు. పిల్లలు లేరు. వదిన తన కోడలి ఇంట్లో వంటగది పక్కన చాప వేసుకుని పడుకునేది. ఆ గదిలో ఆయన కాపురం చేశాడు, ఆ గదిలోంచే భార్యను మోసుకెళ్లాడు. గోడను ఆయన ఇప్పుడు కొత్తగా పలకరించడం మొదలుపెట్టాడు: "ఏం, కులాసాయేనా?"

వదిన వారానికొకసారి వచ్చేది. బలిపీఠం మీద పరిచే గుడ్డలు ఉతికే పని ఆమెది. ఆ పని అయ్యాక ఎవరూ అడక్కుండానే గంటాయన గది ఊడ్చేది.

"ఏమయ్యా మరిదీ, ఇది గదా, పావురాల గూడా? మా చెల్లి ఉండగా ఈ నేల మీద ముఖం చూసుకునేదాన్ని."

"చూసుకుని ఏమనేవారు వదినా?"

"ఇంత అందం ఈ ఊళ్లో దండగైపోయిందనేదాన్ని. కాలు తియ్యి."

వారం మొత్తంలో ఆయనతో ఎవరైనా మాట్లాడే మాటలు దాదాపు ఇవే.

గుమ్మటం చర్చి ముసలాయన పోయినప్పుడు గంటాయన పగలంతా ఆ అంత్యక్రియల దగ్గరే ఉన్నాడు. సాయంత్రం వచ్చి చూస్తే గది ఊడ్చి ఉంది, గాజు గాజులాగే ఉంది. ఆ ఆదివారం ఆయన అలవాటు కొద్దీ అదనపు దెబ్బ కొట్టాడు. తాడు పట్టుకుని నిలబడ్డాడు. సంత వైపు నుంచి బండ్ల చప్పుడు తప్ప ఏమీ రాలేదు. తరువాతి ఆదివారాల్లో కూడా కొట్టాడు.

ఇంజనీరమ్మ మళ్లీ వచ్చింది. భూతద్దం పెట్టి పలకను చూసింది, తేదీ చూసింది. "బాగుంది పెద్దాయనా. ఎండలూ పోయాయి, వానలూ పోయాయి, గోడ కదల్లేదు. నిశ్చింతగా ఉండండి" అంది.

ఆయన ఆ మాట పట్టుకుని కొత్త దుప్పటి కొన్నాడు. సున్నం రాలుతుందని గది నడుమకు లాగిన మంచాన్ని తిరిగి గోడకు చేర్చాడు. వదిన వచ్చినరోజు తానే టీ పెట్టి, మర్యాదగా కుర్చీ వేశాడు.

"ఏంటీ వైభోగం?" అంది ఆమె. "పెళ్లిచూపులేమైనా ఉన్నాయా?"

"గోడ గట్టిదని ఇంజనీరమ్మ చెప్పింది వదినా. ఆ గాజు చూశారూ, చెక్కుచెదరలేదు."

వదిన టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వింది. "చెదరకేం! నేనుండబట్టి సరిపోయింది. ఆమధ్య నువ్వు లేనప్పుడు ఊడుస్తూ తలెత్తి చూద్దును గదా, నడిమికి విరిగి ఉంది. నా చీపురే తగిలిందనుకున్నా. నువ్వొచ్చి చూస్తే నెల రోజులు మూతి ముడుచుకుంటావు. అలమర మీద ఇంకో ముక్క ఉంటే అంటించేశా. ఆ అంకెలు కూడా అగ్గిపుల్లతో అచ్చం అలాగే గీశా. నా చేతిరాత ముందు మీ ఇంజనీరమ్మ రాత ఎందుకు పనికొస్తుంది?"

గంటాయన లేచి గాజు దగ్గరికి వెళ్లాడు. "చీపురు తగిలిందా వదినా?"

"తగలకపోతే ఎందుకు విరుగుతుంది?"

"తగిలినట్టు తెలిసిందా అని."

వదిన నవ్వు ఆపింది. ఆయన చీపురు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "ఆరోజు ఎలా ఊడ్చారో అలా ఊడవండి."

"నీకేమైనా పిచ్చా?" అంటూనే ఆమె వంగి ఊడ్చింది. అది పొట్టి చీపురు. గాజు ఉన్నది మనిషి తల ఎత్తున. వంగి ఊడ్చే చీపురు దాని దరిదాపులకు కూడా పోలేదు. ఆమె ఇంకోసారి ఊడ్చింది, ఈసారి చెయ్యి కావాలని పైకెత్తుతూ. అయినా అందలేదు.

ఆమె చీపురు మూలన పెట్టింది. ముందుగా తేరుకున్నది వదినే.

"ఇదిగో, నా మాట విను. విరిగింది, అతికింది, అయిపోయింది. ఎవరడిగారు? ఇన్ని వందల ఏళ్లు ఉన్న గోడ నీ హయాంలోనే పడుతుందా? నోరు తెరిచావో, ముందు పోయేది నీ గది. ఎక్కడుంటావు? మా కోడలు నన్నే తలుపు చాటున ఉంచుతోంది."

"కింద జనం కూర్చుంటారు వదినా."

"ఎంతమంది కూర్చుంటారులే! ముసలాళ్లు పదిమంది."

ఆ మాట అన్నాక ఆమెకే నచ్చలేదు. గుడ్డల మూట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఇక్కడ గంటాయన చేసిన పని మీద అభిప్రాయభేదం ఉంది. ఆయన వెంటనే ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్లలేదు. చీపురు తగలలేదు సరే, పావురం తగిలి ఉండవచ్చు గదా, తలుపు గట్టిగా పడి ఉండవచ్చు గదా అని తనకు తాను చెప్పుకున్నాడు. మనిషి గది నిలబెట్టుకోవడానికి వెతికే సాకులు ఇవి. అయితే పూర్తిగా కొట్టిపారేయదగినవీ కావు. అలమర మీద మిగిలిన రెండు పలకలను తీసి, ఇంజనీరమ్మ చేసినట్టే పగులుకు అడ్డంగా, వదిన అతికించినదానికి ఒకటి కిందా ఒకటి పైనా అతికించాడు. వదినను గదిలోకి రావద్దన్నాడు.

"దుమ్ము పేరుకుపోతుందయ్యా!"

"పేరుకోనివ్వండి."

అలా తనతో మాట్లాడే ఒక్క మనిషినీ ఆయనే గుమ్మం బయట నిలబెట్టాడు. కిటికీ మూశాడు, పావురాలు రాకుండా. తలుపును చేత్తో పట్టుకుని వేసేవాడు. ఆ గదిలో ఆయన నడక కూడా పరాయి ఇంట్లో నడకలా మారింది. ఆదివారం తాడు లాగినప్పుడు తన బరువంతా వేయకుండా లాగాడు. కింద పాట మొదలయ్యాక మెట్ల మలుపు దగ్గరి చిన్న కిటికీలోంచి శాలలోకి చూశాడు. గోపురం పక్కనే ఉన్న వరసలో ఒక తల్లి నిద్రపోతున్న పసిదాన్ని ఒళ్లో వేసుకుని పాడుతోంది. ఆ వరసలో కూర్చోవద్దని చెప్పాలనిపించింది. ఏ కారణం చెబుతాడు? ఆయన ఆ పాట అయ్యేదాకా ఆ కిటికీ దగ్గర కదలకుండా నిలబడ్డాడు.

ఒక మధ్యాహ్నం ఆయన మంచం మీద కూర్చుని తాడు కొస విడిపోకుండా దారం చుడుతున్నాడు. గంట మోగడం లేదు. గాలి లేదు. వీధిలో బండి కూడా పోవడం లేదు. తల పైన, గోరు కొరికినంత చప్పుడైంది. పైపలక మీద అడ్డంగా ఒక గీత. కిందిపలక ఒక కొసన ప్లాస్టరు నుంచి ఊడి వచ్చింది. నడుమ వదిన అతికించినది కూడా చిట్లింది.

ఆయన దారం ముడి పూర్తి చేశాడు. చొక్కా మార్చుకుని ఇంజనీరమ్మ కార్యాలయానికి నడిచాడు.

ఆమె బల్ల సర్దుకుంటోంది. ఆయన నిలబడే చెప్పాడు, గోడ మీది పలకలు విరిగాయని, అంతకుముందు ఆమె పెట్టినది కూడా విరిగిందని.

"ముందుదెప్పుడు విరిగింది? నేను చూసినప్పుడు బాగానే ఉందిగా!"

"మీరు చూసింది వేరే పలకమ్మా. మార్చింది నేనే."

"తేదీ?"

"అది కూడా నేనే గీశాను."

ఇంజనీరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఎందుకు మార్చారు?"

"గది పోతుందని."

"మీకేమైనా తెలుస్తోందా? ఆ గాజు చూసి గదా నేను జనాన్ని ఆ గోపురం పక్కన కూర్చోబెట్టాను! వాళ్ల మీద పడి ఉంటే?"

"తెలిసిందమ్మా. అందుకే వచ్చాను. ఆదివారం లోపల మూసేయండి."

మూసేశారు. గోపురం పక్కన తవ్వి చూస్తే అడుగున ఉన్న కొయ్యదుంగలు పైకొసల్లో కుళ్లి ఉన్నాయి. కొయ్య ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉంటే ఎంతకాలమైనా గట్టిగానే ఉంటుంది. తడి ఆరి గాలి తగిలితే పాడవుతుంది. వీధిలో లోతుగా వేసిన కొత్త మురుగు కాలువ నేలలోని నీటిని లాగేసింది. దుంగల తలలు పొడిబారాయి, గోపురం ఒక పక్కకు కుంగడం మొదలుపెట్టింది. పై అంతస్తును రాయి రాయీ విప్పి, ప్రతి రాయికీ గుర్తు వేసి ఆవరణలో పేర్చారు. కింద కొత్త పునాది వేశాక మళ్లీ ఎత్తారు. దానికి ఏళ్లు పట్టింది. గోపురం ఆ రోజో మరునాడో కూలేదా అని అడిగితే ఇంజనీరమ్మ చెప్పే జవాబు ఇది: "కూలేదని చెప్పలేను, కూలేది కాదనీ చెప్పలేను. జనాన్ని మాత్రం ఒక్క ఆదివారం కూడా కూర్చోనిచ్చేదాన్ని కాదు."

ఆమె పై అధికారులకు ఉన్నది ఉన్నట్టు నివేదించింది. అక్కడి నుంచి సంగతి పత్రికకు పాకింది. 'తేదీతో సహా నకలు చేసిన గంటవాడు' అని పెద్ద అక్షరాలతో వేశారు. ఆ మాట రాసినవాళ్లది అబద్ధమనలేం. ఆయన స్వయంగా చెప్పినదే వాళ్లు రాశారు.

గంటాయన ఊరి అవతలి కొసన, టైర్లకు గాలి కొట్టే దుకాణం వెనక ఒక అద్దె గదికి మారాడు. అక్కడికి ఏ చర్చి గంటా వినిపించదు. పత్రిక చూసిన రోజు వదిన రొప్పుకుంటూ ఆ గది వెతుక్కుని వచ్చింది.

"ఏంటయ్యా ఇది? నువ్వెప్పుడు గీశావు అంకెలు? నీ రాత నాకు తెలియదా, కోడి కెలికినట్టుంటుంది!"

"నెమ్మది వదినా. పక్కన మనుషులున్నారు."

"ఉండనీ! నేనిప్పుడే పోయి ఫాదర్‌గారికి చెబుతాను."

"చెప్పి? ఆ గుడ్డల పని తీసేస్తారు. కోడలి ముందు ఖాళీ చేతుల్తో కూర్చుంటారా?" అన్నాడు గంటాయన. "నేను పోగొట్టుకోవాల్సింది ఎలాగూ పోయింది. తిట్లు ఒక్కరికి చాలు, ఇద్దరికెందుకు?"

"ఊరంతా నిన్ను దొంగంటోందిరా నాయనా" అంది వదిన. మరిదిని ఆమె అలా పిలవడం అదే మొదలు.

"నా దగ్గరికొచ్చి అనడం లేదుగా. ఎవరూ రావడం లేదు."

ఆమె అక్కడ ఉన్న చీపురు తీసుకుంది. ఆ గది మరీ చిన్నది. ఊడ్వడం ఇట్టే అయిపోయింది. ఇంకేం చేయాలో తోచక మళ్లీ ఊడ్చింది.

ఆ తరువాత ఆమె రాకపోకలు తగ్గాయి. దూరం ఒక కారణం. ముఖం చెల్లకపోవడం అసలు కారణమని ఆమే ఒప్పుకుంటుంది. గంటాయన మిగిలిన ఏళ్లు తాళ్లు పేని బతికాడు. చర్చి తిరిగి తెరిచినప్పుడు వెనక వరసలో ఆయన్ను చూశామని కొందరంటారు. ఫాదర్‌గారు చూడలేదు, ఇంజనీరమ్మ వెతికినా కనిపించలేదు. వెళ్లి ఉండడనే అనుకోవాలి. ఆయన పోయినప్పుడు గాలి కొట్టే దుకాణం వాళ్లే నలుగురూ మోశారు. వదిన ఆ తరువాతే ఫాదర్‌గారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. ఆమె మాట నమ్మవచ్చా? నమ్మవచ్చు. ఆ మాటతో ఆమెకు వచ్చేది అపఖ్యాతి తప్ప మరేమీ లేదు. అంతకన్నా గట్టి రుజువు, ఇంజనీరమ్మ దాచి ఉంచిన ప్లాస్టరు పెళ్ల మీది అంకెలు ఆమె రాతతో కలిశాయి, గంటాయన రాతతో కలవలేదు.

ఆయన చెప్పిన అబద్ధం వల్ల నష్టం లేకపోలేదు. మొదటి పలక ఏ వారంలో విరిగిందో వదినకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆ వారం తెలిసి ఉంటే గోపురం కుంగుతున్న వేగాన్ని తేలిగ్గా లెక్కకట్టేదాన్నని ఇంజనీరమ్మ అంటుంది. అనుమానం కలిగిన రోజే వచ్చి ఉండవలసిందని కూడా అంటుంది. రెండు మాటలూ న్యాయమైనవే.

తేలిందింతే. గంటాయన గాజు పగలగొట్టలేదు, పగులు దాచలేదు. ఆయనకు మతి చలించలేదు. గంట మోగించి ఎవరినీ కాపాడలేదు. అనుమానం కలిగిన రోజు నోరు విప్పలేదు. రూఢి అయిన రోజు ఒక్క పూట కూడా ఆగలేదు. ఆ మాటతో తన గది పోతుందని తెలిసే చెప్పాడు. వదిన పొరపాటును తన నేరంగా ఒప్పుకుని, చనిపోయేదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు.